నాలుగు కోళ్ళు, ఒక డెసిబెల్ మీటరు

ఇప్పుడా పెరడు లేదు. పక్కింటివాళ్ళు అక్కడ కారు షెడ్డు వేసుకున్నారు. అయినా పొద్దున పదయ్యేసరికి నా చెవులు అటే తిరుగుతాయి. ఇరవై రెండేళ్ళయినా ఆ పిచ్చి పోలేదు, పోవాలనీ లేదు.

అప్పట్లో నేను చూపు లేనివాళ్ళ లైబ్రరీకి పుస్తకాలు చదివి రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. స్టూడియో అంటే మా వెనక గదే. గోడలకి దుప్పట్లు, కిటికీకి అడ్డంగా పాత పరుపు, మధ్యలో మైకు, చెమటలు కక్కుతూ నేను. మూడుసార్లు తడబడి, నాలుగోసారి పేరా బ్రహ్మాండంగా వస్తోందనుకునేసరికి, సరిగ్గా పొద్దున పదింటికి, గోడ అవతల నుంచి "కొక్కొక్కొక్కోక్!"

వారం ఓర్చుకున్నాను. ఎనిమిదో రోజు ఒళ్ళు మండి, వీధి సంఘం పెట్టెలో ఫిర్యాదు కాగితం పడేశాను, సంతకం లేకుండా. అదీ చాలక ఇంటికొచ్చి గోడ మీంచి తొంగిచూసి, "ఏమండీ! మీ కోళ్ళ నోరు కాస్త మూయిస్తారా?" అని అరిచాను.

మేత గిన్నె పట్టుకున్న అమ్మాయి తలెత్తింది. పక్కింట్లో కొత్తగా అద్దెకి దిగిందనీ, కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుందనీ అమ్మ చెప్పింది కానీ, ఇలా చూస్తుందని చెప్పలేదు.

"ఏ కోడండీ?"

"ఏ కోడి ఏంటండీ? కోళ్ళు!"

"నాలుగూ నాలుగు జాతులు. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? మీ వీధిలో మగవాళ్ళందరూ మీలాగే అరుస్తారా?"

తనే ఒక్కొక్కదాన్నీ చూపించి పరిచయం చేసింది. తెల్లది లెగ్‌హార్న్, పేరు హెడ్‌లైన్స్. గుడ్డు పెడితే వీధంతా చాటింపు వేస్తుంది, ఆకు కదిలినా హడలిపోతుంది. ఎర్రది రోడ్ ఐలాండ్ రెడ్, పేరు అత్తగారు. అరుపు తక్కువ, పెత్తనం ఎక్కువ. బొద్దుగా ఉన్నది ఆర్పింగ్టన్, పేరు పెద్దమ్మ. పక్కన పిడుగు పడ్డా ఉలకదు, పలకదు. దూది ఉండలాంటి సిల్కీ పేరు చిట్టి. ఎవరెత్తుకుంటే వాళ్ళ ఒళ్ళో నిద్రపోతుంది.

"తప్పు ఎవరిదో తేల్చండి. శిక్ష నేను వేస్తాను" అంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? మర్నాడే శబ్దాన్ని అంకెల్లో చూపే డెసిబెల్ మీటరు తెచ్చి గోడ మీద పెట్టాను. పక్కనే ఒక నోట్‌బుక్కు. రోజూ తను షాపుకి వెళ్ళేదాకా ఒక గంట విచారణ. చిట్టి నలభై ఎనిమిది. పెద్దమ్మ యాభై రెండు. అత్తగారు అరవై ఒకటి. హెడ్‌లైన్స్ డెబ్బై నాలుగు.

"అంటే మన మాటలకన్నా కాస్త ఎక్కువ, అంతేగా?" అంది నోట్‌బుక్కులోకి తొంగిచూస్తూ. "మీ చెవులే మరీ నాజూకు!"

ఒకరోజు ఉన్నట్టుండి వాన. మీటరు కోసం పరిగెత్తుకెళ్తే, తను చున్నీ తీసి దానికి కప్పి నిలబడింది. తను మాత్రం నిలువునా తడిసింది. చంకలో చిట్టి.

"లోపలికెళ్ళకుండా ఏంటండీ ఇది?"

"సాక్ష్యం తడిసిపోతే నా కోళ్ళకి న్యాయం ఎలా జరుగుతుంది?"

ఆ రోజు నోట్‌బుక్కులో నేనేమీ రాయలేదు. అసలు పెన్ను ఎక్కడ పెట్టానో కూడా తెలీదు.

నాలుగు రోజులకి సంఘం నుంచి తనకి నోటీసు వచ్చింది. ఆదివారం మీటింగు, అక్కడ ఒప్పించలేకపోతే కోళ్ళని తీసెయ్యాలి. ఆ పాడు కాగితం సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను.

"కోళ్ళు పోతే నేనూ అక్కావాళ్ళ ఊరికి వెళ్ళిపోతాను. మీ లెక్కలన్నీ మీటింగులో చదువుతారా? నాకున్న సాక్షి మీరొక్కరే" అంది.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. "సరేనండీ" అని మూసుకున్నాను.

మీటింగులో సంఘం ప్రెసిడెంటైన రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారు కాగితం పైకెత్తి చూపించారు. "సంతకం లేదు. ఎవరు రాశారో తేలకపోతే అందరిదీ అనుకోవాల్సి వస్తుంది."

తను నా వైపు వంగి, "వాడెవడో దొరకనీ, వాడి మీదకి అత్తగారిని వదుల్తాను" అని గుసగుసలాడింది.

లేచి నిలబడ్డాను. "నేనే రాశానండీ. తప్పు రాశాను. కోళ్ళు అంత అరవవు. కొలిచి చూశాను" అని నోట్‌బుక్కు ఇచ్చాను.

ఇచ్చేముందు చివరి పేజీ చింపాల్సింది. హెడ్‌మాస్టరుగారు తరగతిలో చదివినట్టు గట్టిగా చదివేశారు. "యజమానురాలు, 'ఒసేయ్ హెడ్‌లైన్స్, గూట్లోకి రావే' అన్నప్పుడు, ఎనభై ఎనిమిది."

గదంతా పడీపడీ నవ్వారు. కోళ్ళు ఉండొచ్చన్నారు, హెడ్‌లైన్స్ గుడ్లు పెట్టే పెట్టెని మాత్రం అవతలి గోడవైపు జరపమన్నారు. తను నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పెరట్లో మనిషి గొంతు వినిపించలేదు. మేత వేసేది, నీళ్ళు మార్చేది, అంతా మూగనోముగా. నాకు కావలసిన నిశ్శబ్దం దొరికింది, చదివే గొంతులో జీవమే పోయింది. లైబ్రరీ మేడమ్ ఫోన్ చేసి, "బాబూ, ఒంట్లో బాగాలేదా? విలన్ మాటలు కూడా ఏడుపు గొంతుతో చదివావు" అన్నారు.

ఐదో రోజు గోడ దగ్గరికెళ్ళాను.

"కోళ్ళు ఉన్నాయిగా, ఇంకేం కావాలి?" అంది వెనక్కి తిరక్కుండానే.

"మీరు అరవడం మానేశారు."

"ఎనభై ఎనిమిదని రాశారుగా మరి."

"మీరు అరవకపోతే ఇల్లు బావురుమంటోందండీ. ఆ కాగితం రాసినప్పుడు మిమ్మల్ని చూడలేదు. చూశాక చెప్పే ధైర్యం రాలేదు, చెబితే మాట్లాడటం మానేస్తారని. ఎలాగూ మానేశారు కాబట్టి చెప్పేస్తున్నాను. మీరంటే నాకు ప్రాణం."

తను ఇటు తిరిగింది. కోపమో కాదో తెలీక నేను చస్తున్నాను. ఉన్నట్టుండి మా వంటింటి వైపు తిరిగి వీధి అదిరిపోయేలా కేక పెట్టింది.

"అత్తయ్యా! ఓ అత్తయ్యా! మీ అబ్బాయి ఏదో అంటున్నాడు, ఒకసారి వచ్చి వినండి!"

ముందురోజు దాకా మా అమ్మని ఆంటీ అన్న అమ్మాయి!

అమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. నన్నూ, తననూ మార్చి మార్చి చూసింది. "ఏమన్నాడే?"

"సరిగ్గా వినపడలేదత్తయ్యా. మళ్ళీ చెప్పమనండి." మొహం ఎర్రబడింది, నవ్వు మాత్రం ఆగడంలేదు.

మళ్ళీ చెప్పాను. ఇద్దరికీ వినపడేలా చెప్పాను.