దుర్గయ్య కోసిన తాడు

పెత్రమాస నాడు చనిపోయిన పెద్దలను పేరు పెట్టి పిలిచి విస్తరి వేస్తారు. 1986లో ఆ అమావాస్య మధ్యాహ్నం, ఫోరస్ రోడ్డు పక్క, కూలీలుండే వరుస గదుల చాల్‌లో, మూడో అంతస్తు వరండాలో దుర్గయ్య తన అన్న లచ్చయ్యకు విస్తరి వేశాడు. లోపల గోడవారన చాప మీద ఇరవై ఏళ్ల శివరాం పదకొండు రోజులుగా జ్వరంతో మూలుగుతున్నాడు. పెద్దకొడుకులిద్దరూ వర్లి సముద్రంలో మునిగి పోయారు. మిగిలింది వీడొక్కడే.

"ఎవని ఉసురు తాకిందయ్యా మనకు?" అంది భార్య వజ్రమ్మ. "పెండ్లైనప్పటి సంది కడుపుల ఏం దాస్తున్నవ్?"

దుర్గయ్య అప్పుడు నోరు విప్పాడు.

యుద్ధకాలంలో అన్నదమ్ములు చెరో సరుకు ఓడలో కొలిమికి బొగ్గు వేసేవాళ్లు. అండమాన్ దగ్గర ఒక జపాన్ డిస్ట్రాయర్ తిరిగేది. డిస్ట్రాయర్ అంటే సన్నగా, పొడుగ్గా, నీళ్లను చీల్చుకుపోయే యుద్ధనౌక. తనవాళ్ల ఓడలకు కాపలా, పరాయివాళ్ల ఓడలకు యముడు. అది లచ్చయ్య ఓడను ముంచింది. ఒక్కరూ మిగల్లేదన్నారు. నాలుగు నెలలకు ఇంగ్లిషువాళ్ల జలాంతర్గామి దాన్నే రెండు ముక్కలు చేసింది. అటుగా వచ్చిన దుర్గయ్య ఓడ కప్తాను, నీళ్లలో ఉన్నవాళ్లకు తాళ్లు వేయమన్నాడు. నూనెతో మొహమంతా నల్లబడిన మనిషొకడు దుర్గయ్య వేసిన తాడు పట్టుకుని సగం దాకా ఎక్కాడు.

"కోసిన," అన్నాడు దుర్గయ్య. "అన్న పగ తీర్చుకున్న."

"వానికీ ఒక విస్తరెయ్యి." వజ్రమ్మ గొంతు తగ్గించింది. "తిని పోతడు. పిల్లగాన్ని ఇడుస్తడు."

ఆమె లోపలికి పోయింది. దుర్గయ్య రెండో విస్తరి వేశాడు. పేరు తెలియదు కదా. "నా తాడు పట్టుకున్నోడా, రా," అని పిలిచాడు.

సందులో అరుపులు ఆగిపోయాయి. కుళాయి కాడ బిందెల చప్పుడు కూడా. ముందు ఉప్పు వాసన... తర్వాత కాలిన నూనె కంపు. మెట్ల మీద తడి కాళ్లు. తప్... తప్... తప్...

నల్లటి ఆకారం. రెండో విస్తరి దాకా వచ్చింది... దాటింది. లచ్చయ్య విస్తరి ముందు కూచుంది.

"అది నీది గాదు," దుర్గయ్య విస్తరికి చేయి అడ్డం పెట్టాడు. "మా అన్నది..."

"నాదే, తమ్మీ."

ఆ పిలుపు విని దుర్గయ్య వెనక్కి జరిగాడు.

"మా ఓడ మునిగినంక నన్ను ఖైదీని జేసి వాళ్ల ఓడల్నే తిప్పిండ్రు. తాడు మీదికెళ్లి నిన్ను జూసిన. పిలుస్తనే ఉన్న... నువ్వు కత్తి దీసినవ్."

"కాల్మొక్త అన్నా... నన్ను తీస్కపో. పిల్లగాన్ని ఇడువు."

"నువ్వెందుకు? ఎవలన్న గుంజుతరని తాడు పట్టుకోని ఎదురుజూసుడు ఎట్లుంటదో... నీ ఇంట్లనే జూడు."

రెప్ప వేసేలోగా వరండా ఖాళీ. అన్నం మెతుకు కదల్లేదు.

"ఏమయ్యా, బుఖార్ దిగింది!" లోపల్నుంచి వజ్రమ్మ నవ్వు. ఆ వెంటనే నవ్వు ఆగింది. "పిడికిళ్లు ఇప్పుతలేడేంది... ఏమో పట్టుకున్నట్టు?"

దుర్గయ్య పరుగెత్తాడు. గోడవారన ఉండాల్సిన చాప శివరాంతో సహా గుమ్మంలో ఉంది. లాగేవాళ్లెవరూ లేరు.

చాప ఇంకో జానెడు మెట్ల వైపు జరిగింది.