ఏడో ఎముక

అత్తిముగం దాటి శూలగిరికి పోయే దోవలో వాననీళ్లు పోయే మోరీ పక్కన ఒక మలుపు ఉంది. చీకటి పడినాక ఆడ ఎవరూ బండి ఆపరు. ఆపితే దెయ్యం మెడ విరిచేస్తుందంట.

మొదట విరిచింది కెంచమ్మ పెద్దకొడుకు ముఖేశ్ మెడనే. ఆరేండ్ల కిందట బైకు జారి పడినాడు. పక్క చేనులో ఉన్న కెంచమ్మా, ఆమె మొగుడు శివప్పా పరిగెత్తిపోయేసరికి బాగానే మాట్లాడుతా ఉన్నాడు. "ఏం కాలేదమ్మా" అన్నాడు. అంతలోనే... కళ్లు తేలేసినాడు. ఒంటిమీద చిన్న గాయమైనా లేదు. కనిపించని చేతులేవో బిడ్డ మెడ విరిచేసినాయని ఊరంతా చెప్పింది కెంచమ్మే.

మొన్న ఆషాఢంలో, రాత్రి ఏడున్నరకు, చిన్నకొడుకు రక్షిత్ హోసూరు ఫ్యాక్టరీలో డ్యూటీ ముగించుకుని వస్తా ఉన్నాడు. వానకు కొట్టుకొచ్చిన ఇసకలో బండి జారింది.

అదే మలుపు.

కెంచమ్మకు ఫోను వచ్చేసరికే 108 బండి వాణ్ణి కృష్ణగిరికి తీసుకుపోయింది. మొగుడూ పెళ్లాం ఆటో పట్టుకుని ఆడి చిన్న ఆస్పత్రికి చేరినారు. శివప్ప వరండాలోనే కూలబడినాడు. కెంచమ్మ ఎక్స్‌రే రూములోకి దూసుకుపోయింది.

రక్షిత్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మెడకు గట్టి పట్టీ. కళ్లు మాత్రమే కదులుతా ఉన్నాయి.

"అమ్మా... వేళ్లు జివ్వుమంటా ఉండాయి. మెడ ఎవరో పట్టుకున్నట్టుండాది..."

కెంచమ్మకు తెలిసిపోయింది. ఆ దెయ్యం వచ్చింది — ఇంత దూరమూ బిడ్డ వెంటే వచ్చేసింది!

"ఆ పట్టీ తీసెయ్యండప్పా! దాని కిందనే ఉండాది..." అంటా చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దు!" ఎక్స్‌రే తీసే ప్రతిభ ఆమె మణికట్టు పట్టి ఆపింది.

స్క్రీను మీద తెల్లగా ఎముకలు. డాక్టరు అనంతకుమార్ పైనుంచి వేలు పెట్టి గుసగుసగా లెక్కపెడతా ఉన్నాడు. నాలుగు... ఐదు... ఆరు...

వేలు ఆగిపోయింది.

"ఏడోది లేదు."

"లేదా?" కెంచమ్మ గోడకు చేరగిలబడింది. "ఎత్తుకుపోయిందా సామీ..."

"ఉండాదమ్మా, భుజాలు అడ్డం వచ్చినాయి. మెడలో ఏడు ఎముకలు. ఏడూ కనబడేదాకా పట్టీ తీసేది లేదు. ప్రతిభా, ఇంకోసారి."

డాక్టరే రక్షిత్ రెండు చేతులూ మెల్లగా కాళ్ల దిక్కు లాగి పట్టుకున్నాడు. మళ్లీ స్క్రీను వెలిగింది. ఎముకల వెనకంచు వెంబడి ఆయన వేలు నున్నగా దిగింది... ఆరోదాని కింద మెట్టు దిగినట్టు తటుక్కున పక్కకు జరిగింది.

"ఆరోది ముందుకు జారింది. లోపలి వెన్నునరం ఇంకా తెగలేదు... దానికి నూలుపోగంత సందు మిగిలింది." ఆయన రక్షిత్ మీదికి వంగినాడు. "పడినచోట నిన్ను ఎవరు లేపినారు?"

"ఎవరూ లేపలేదు సార్. జనం చేరినారు... దెయ్యం మలుపని అంత దూరంలోనే నిలబడినారు. 108 వచ్చేదాకా ఒక్కరూ ముట్టలేదు."

"అదే నిన్ను కాపాడింది. తల పట్టి లేపింటే కాళ్లు పడిపోయేవి. దెబ్బ ఇంకా పైన ఎముకకైతే, తల తిప్పినా చాలు — మాట్లాడుతా మాట్లాడుతానే ఊపిరి ఆగిపోతుంది."

కెంచమ్మకు ఆ తరవాత మాటలేవీ వినపడలేదు.

ఆరేండ్ల కిందట ఆ రోజు రోడ్డుమీద చతికిలబడి, ముఖేశ్ తల రెండు చేతులా ఎత్తి ఒడిలో పెట్టుకుంది. ముఖం చూద్దామని — తనవైపుకు తిప్పుకుంది. ఏదో టక్కుమంది. కింద రాయి కదిలిందనుకుంది...

రక్షిత్‌ను ఆ రాత్రే బెంగుళూరుకు పంపినారు. ఆపరేషన్ అయింది. నాలుగు నెలలకు వాడు మళ్లీ డ్యూటీకి పోయినాడు.

కానీ ఆ రాత్రి, బెంగుళూరుకు పోయే వ్యాను రాకముందు, కెంచమ్మ గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. శివప్ప పక్కన కూర్చుంది.

"అయ్యా... ఆడ దెయ్యం లేదు. ఆ చేతులు... నావే."

శివప్ప ఉలిక్కిపడలేదు. తల కూడా ఎత్తలేదు.

"తెలుసు కెంచీ. బిడ్డను కోసి చూసిన డాక్టరు అప్పుడే చెప్పినాడు... దెయ్యమనే ఉండనీలే అనుకున్నాను."