ఆకుపచ్చ చుక్క

ఇన్సులిన్ పెన్ను ఇంట్లోనే ఉండిపోయింది. పిల్ల మాత్రం ఇంటికి రాలేదు.

ఈ రెండు ముక్కలే తల్లి మళ్ళీ మళ్ళీ చెబుతోంది. పోలీస్ స్టేషన్‌లో, ఇన్‌స్పెక్టర్ టేబుల్ ముందు, కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న సంచీ. అందులో ఆ పెన్ను, షుగర్ చూసే మిషన్, గ్లూకోజ్ పొట్లం. నిన్న రాత్రి కంప్లైంట్ ఇచ్చినప్పుడూ ఆ సంచీతోనే వచ్చింది. తెల్లారాక మళ్ళీ దాంతోనే వచ్చింది.

"వయసెంత?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"పదిహేడండీ. ఇంట్లో పిచ్చుక అంటాం."

"ఎక్కడికని వెళ్ళింది?"

"ఆన్‌లైన్లో ఎవడో పాత గేమ్ కన్సోల్ అమ్ముతున్నాడట. చేత్తో పట్టుకుని ఆడతారే, అది. బస్టాపులో ఇస్తానన్నాడు. పట్టపగలు, నలుగురూ ఉండే చోటే కదా అని పంపించాను మేడమ్."

"చివరిసారి ఎప్పుడు మాట్లాడింది?"

"సాయంత్రం అయిదు కావస్తుండగా. మెషిన్ బాగానే ఉందమ్మా, బటన్లన్నీ నొక్కి చూశాను, నా ఫోన్ నెట్ ఇచ్చి నా అకౌంట్ కూడా పెట్టుకున్నాను, అంది. ఛార్జర్ మాత్రం మరిచిపోయి వచ్చాడట." తల్లి కొంగుతో నోరు నొక్కుకుంది. "ఛార్జర్ లేకుండా తీసుకోకు, మోసపోతావు అన్నాను. నా నోరు పడిపోను, నేనే అన్నాను."

"తరువాత?"

"ఛార్జింగ్ అయిపోతోందమ్మా అంటూనే పెట్టేసింది. అప్పట్నుంచీ ఫోన్ స్విచ్ ఆఫ్."

"ఇన్సులిన్ ఎప్పుడెప్పుడు?"

"రాత్రి తినే ముందు ఒకటి. పడుకునే ముందు ఒకటి. పొద్దున్నే ఇంకొకటి. మూడూ తప్పాయి. ముందు దాహం దాహం అంటుంది. తరువాత వాంతులు. ఆ తరువాత పిలిచినా పలకదు. చిన్నప్పుడు ఒకసారి అలాగే అయింది మేడమ్. డాక్టరు నా మొహం చూసి తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు ఏ కాలవ గట్టునో, ఏ పట్టాల పక్కనో..."

"అమ్మా! మీరు ఒకేసారి శవం దాకా వెళ్ళిపోకండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

అప్పుడే తలుపు దగ్గర పిచ్చుక క్లాస్‌మేట్ కనిపించింది. పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో తన సొంత గేమ్ కన్సోల్, తన ఫోన్ నెట్‌తో పనిచేస్తూ.

"ఆంటీ! పిచ్చుక ఆన్‌లైన్‌లో ఉంది!"

అందరూ మూగారు. స్క్రీన్ మీద పిచ్చుక పెట్టుకున్న బొమ్మ. పక్కనే ఆకుపచ్చ చుక్క.

"రాత్రి కూడా రెండుసార్లు వచ్చి పోయింది. తెల్లారుజామున ఒకసారి. మళ్ళీ ఇందాక," అంది ఆ పిల్ల.

"మెసేజ్ పెట్టి చూశావా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"దీంట్లో మెసేజ్‌లు ఉండవు మేడమ్. ఫ్రెండ్స్ ఆన్‌లో ఉన్నారా లేరా, అంతే కనిపిస్తుంది."

హెడ్ కానిస్టేబుల్ నవ్వేశాడు. "చూశారా అమ్మా? ఎవరింట్లోనో కూర్చుని హాయిగా గేమ్ ఆడుతోంది. మీరేమో కాలవలు గాలిస్తున్నారు. ఇంటికెళ్ళి ఇంత ఏమైనా తినండి."

తల్లి ఆ మాట నమ్మాలనుకుంది. ఒక్క క్షణం నమ్మింది కూడా. అంతలో సంచీ బరువు తగిలింది.

"మందు లేకుండా నా పిల్ల ఎక్కడా ఉండదు బాబూ. ఉండలేదు."

చూస్తుండగానే ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఆ స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయింది.

"ఆన్‌లైన్ ప్రకటనలో నంబరు ఉంటుంది. ఆ అమ్మినవాణ్ణి తీసుకురండి."

* * *

ఆన్‌లైన్‌లో వాడి పేరు టర్బో. ఎదురుగా చూస్తే ఇరవై ఏళ్ళ కుర్రాడు. దువ్విన జుట్టు, ఉతికిన చొక్కా. కూర్చోమనగానే కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగాడు.

"ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు మేడమ్. బస్టాపులో ఇచ్చాను. చెక్ చేసుకుంది. ఛార్జర్ కొరియర్‌లో పంపిస్తానన్నాను, సరేనంది. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది."

"ఆ మెషిన్ ఎవరిది?"

"సంతలో కొన్నాను. ఎవరిదో తెలియదు."

"పాతవి కొని అమ్ముతుంటావా?"

"అప్పుడప్పుడూ."

"రీసెట్ చేసే ఇచ్చావా? అందులో పాతవాళ్ళ సంగతులేమీ లేకుండా?"

"మొత్తం తుడిచేశాను మేడమ్. కొత్తదానిలా చేసి ఇచ్చాను."

"ఖాయమా?"

"మా అమ్మ మీద ఒట్టు."

మూల బెంచీ మీదున్న తల్లి దిగ్గున లేచింది. "మీ అమ్మను ఎందుకురా లాగుతావు? నా పిల్లను ఎక్కడ దాచావు చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

కుర్రాడు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. "నాకేం తెలుసు ఆంటీ?"

"ఉండేదెక్కడ?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"హాస్టల్లో."

"పని?"

"ఏమీ లేదు. వెతుక్కుంటున్నాను."

ఇన్‌స్పెక్టర్ వాడి చేతులు చూసింది. గోళ్ళ సందుల్లో నల్లటి సిరా. సబ్బుతో ఎంత రుద్దినా పోని సిరా.

"ఏ ప్రింటింగ్ ప్రెస్సు?"

కుర్రాడు పిడికిళ్ళు మూశాడు. ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీదున్న వాడి ఫోన్ తీసుకుంది. పొద్దుటి నుంచి 'బావ' అన్న పేరుతో వరసగా మిస్డ్ కాల్స్. తిరిగి చేసింది.

అవతల మిషన్ల హోరు. దాని మీద ఒక మగ గొంతు అరిచింది. "ఎక్కడ చచ్చావురా? రాత్రి ఆర్డరు ఇంకా సగం అవలేదు. మీ అక్క టిఫిన్ పెట్టుకుని కూర్చుంది!"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసింది.

"హాస్టల్లో టిఫిన్ మీ అక్క పెడుతుందా? పద."

* * *

కింద ప్రెస్సు. పైన ఇల్లు. ఇన్‌స్పెక్టర్, కుర్రాడు, తల్లి, క్లాస్‌మేట్ జీపు దిగేసరికి గోడలు కూడా అదురుతున్నాయి. పక్కనున్న మనిషి మాట వినిపించడం లేదు.

బావ మిషన్లు ఆపించాడు. అక్క చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చింది.

హోరు ఆగింది. తల్లి ఊపిరి బిగబట్టి వింది.

ఏ చప్పుడూ లేదు. ఏ పిలుపూ లేదు.

"లేదు. నా పిల్ల లేదు. అయిపోయింది మేడమ్, అంతా అయిపోయింది," అని మెట్ల మీద కూలబడింది. క్లాస్‌మేట్ పక్కన కూర్చుని చేయి పట్టుకుంది.

"మీ ఇంట్లో గేమ్ కన్సోల్ ఏమైనా పోయిందా?" ఇన్‌స్పెక్టర్ అక్కను అడిగింది.

"మీకెలా తెలుసు మేడమ్? మా పాపది. నిన్న బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఒకటే ఏడుపు. మంచాల కింద, బీరువాల్లో వెతికాం. మా తమ్ముడు కూడా వెతికాడు, పాపం."

"అవును, పాపం. వెతికాడు," అంది ఇన్‌స్పెక్టర్.

కుర్రాడు నేల చూపులు చూస్తున్నాడు.

"దొంగతనమైతే మాలో మేం చూసుకుంటాం మేడమ్. ప్రెస్సు ముందుకు జీపెందుకు?" అన్నాడు బావ.

"పోయింది మెషిన్ ఒక్కటే కాదు. పిల్ల కూడా పోయింది. రాత్రి నుంచి మందు లేని పిల్ల." ఇన్‌స్పెక్టర్ కుర్రాడి వైపు తిరిగింది. "ఆకుపచ్చ చుక్క చూసి అందరూ ఒకటే అనుకున్నారు, పిల్ల ఆడుకుంటోందని. అది ఎవరి నెట్‌తో వెలిగింది అని ఎవరూ అడగలేదు. బస్టాపులో తన ఫోన్ నెట్ పెట్టుకుంది, సరే. ఆ ఫోన్ నిన్నటి నుంచి ఆఫ్. మరి రాత్రి మెషిన్‌కు నెట్ ఎవరిచ్చారు?"

"ఎవరింట్లోనో వైఫై పాస్‌వర్డ్ అడిగి ఉంటుంది," అన్నాడు కుర్రాడు.

"పాస్‌వర్డ్ చెప్పే మనిషి పక్కన ఉంటే ఫోన్ కూడా అడిగేది కదా? అమ్మకు ఫోన్ చేసేది కదా? అడగడానికి మనిషి లేడు. అయినా మెషిన్‌కు నెట్ దొరికింది. అంటే అది పాత మెషిన్, తనకు తెలిసిన పాత చోటికే వచ్చింది. ఎవరూ చెప్పకుండానే పాత వైఫై పట్టుకుంది. నువ్వు రీసెట్ చేయలేదు. చేయలేవు. ఎందుకంటే మీ మేనకోడలు ఆ మెషిన్‌కు పెట్టుకున్న పాస్‌వర్డ్ నీకు తెలియదు."

"అది మీ ఊహ మేడమ్. ఎన్ని ఇళ్ళల్లో వైఫై లేదు?"

"అవును. ఊహే. రౌటర్ ఎక్కడమ్మా?"

అక్క పైకి చూపించింది. ఇన్‌స్పెక్టర్ క్లాస్‌మేట్ వంక చూసింది. "ఇప్పుడు చుక్క?"

"లేదు మేడమ్."

ఒక నిమిషం గడిచింది. తల్లి సంచీని గుండెకు హత్తుకుంది. ఇంకో నిమిషం.

"వచ్చింది!"

ఇన్‌స్పెక్టర్ నాలుగంగల్లో మెట్లెక్కింది. ఇంట్లో రౌటర్ వైరు పీకేసింది.

కింద నుంచి క్లాస్‌మేట్ కేక. "పోయింది మేడమ్! చుక్క పోయింది!"

వైరు మళ్ళీ పెట్టింది. రౌటర్ లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి.

"రాలేదు... ఇంకా రాలేదు... వచ్చింది! మళ్ళీ వచ్చింది!"

బావ మొహం పాలిపోయింది. అక్క తమ్ముడి చొక్కా పట్టుకుంది. "ఎక్కడ పెట్టావురా ఆడపిల్లను?"

"నేనేమీ చేయలేదక్కా! ఒట్టు! ఛార్జర్ ఇస్తేగాని తీసుకోనంది. మీరెవరూ లేరని ఇంటికి తీసుకొచ్చాను. ఛార్జర్ ఇస్తుంటే నువ్వు వచ్చేశావు. పాప మెషిన్ అమ్మేశానని తెలిస్తే బావ ఇంట్లోంచి గెంటేస్తాడని... రెండు నిమిషాలు ఉండమని పైన కాగితాల గదిలోకి పంపి తాళం వేశాను. ఇంతలో బావ రాత్రి పని అని మిషన్ దగ్గర నిలబెట్టాడు. కదలనివ్వలేదు. పొద్దున నువ్వు ఇంట్లోనే ఉన్నావు, కాసేపాగి తీద్దామని టీకి బయటికెళితే పోలీసులు పట్టుకున్నారు."

"స్టేషన్లో ఎందుకు చెప్పలేదు?"

"భయం వేసింది మేడమ్. ఒక్క రాత్రి తిండి లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. జబ్బు పిల్ల అని నాకేం తెలుసు?"

"జబ్బు లేకపోతే తాళం వెయ్యొచ్చా?"

ఇన్‌స్పెక్టర్ వాడి ముందు చెయ్యి చాపింది. తాళం చెవి వాడి జేబులోనే ఉంది. ప్యాంటు లోపలి జేబులో.

* * *

డాబా మీద కాగితాల గది. రేకుల కప్పు. కిటికీ లేదు. తాళం తీయగానే వేడి మొహానికి కొట్టింది. దానితోపాటు పుల్లటి వాంతి వాసన.

కాగితం కట్టల మధ్య పిచ్చుక ముడుచుకుని పడి ఉంది. పెదవులు ఎండి పగిలిపోయాయి. ఊపిరి పెద్దపెద్దగా, ఆయాసంగా లాగుతోంది. వేళ్ళు ఇంకా మెషిన్ ఆన్ బటన్ మీదే ఉన్నాయి.

"పిచ్చుకా! అమ్మనే! కళ్ళు తెరువు!"

కళ్ళు తెరుచుకోలేదు. తల్లి చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. "పలుకవే తల్లీ! తిట్టు! నన్ను తిట్టు, నువ్వే పంపించావని తిట్టు!"

ఇన్‌స్పెక్టర్ అంబులెన్స్‌ను జీపు ఎక్కేటప్పుడే పిలిచింది. మనుషులు స్ట్రెచర్‌తో మెట్లెక్కి వచ్చారు. వేలికి సూది గుచ్చి చూశారు. షుగర్ మిషన్ మీద అంకె రాలేదు. లెక్కకు అందనంత ఎక్కువ అని మాత్రం చూపించింది. చేతికి సెలైన్ ఎక్కించారు.

మెట్లు దిగేటప్పుడు బావ గోడకు అంటుకుని దారి ఇచ్చాడు. అక్క రెండు చేతులూ జోడించి నిలబడింది. తల్లి ఎవరినీ చూడలేదు. స్ట్రెచర్ కడ్డీ పట్టుకుని నడుస్తోంది.

అంబులెన్స్ కదిలింది. లోపలున్న అంబులెన్స్ కుర్రాడు సెలైన్ సరిచేస్తూ అన్నాడు. "ఇంకో గంట ఆలస్యమై ఉంటే..."

"ఆ మాట అనకు బాబూ," అంది తల్లి.

రాత్రంతా తనే వందసార్లు అనుకున్న మాట అది. ఎదుటి మనిషి నోట వినలేకపోయింది.

ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బండి కుదిపింది. పిచ్చుక పెదవులు కదిలాయి. తల్లి చెవి దగ్గర పెట్టింది.

"నీళ్ళు," అంది పిల్ల.

ఇవ్వొచ్చా అని తల్లి అంబులెన్స్ కుర్రాడి వంక చూసింది. వాడు దూదిని నీళ్ళలో ముంచి ఇచ్చాడు. తల్లి ఆ తడిని పిల్ల పెదవుల మీద మెల్లగా అద్దింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. ఆస్పత్రి వచ్చేదాకా అద్దుతూనే ఉంది.