మూడో అంతస్తు నుంచి ఒక లైను

"మాట్లాడనిది మీ మెషీను. నా నెట్‌వర్క్‌ని అనకండి."

ల్యాబ్ గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అతనితో అన్న మొదటి మాట అది. ఆసుపత్రిలో కంప్యూటర్ల మధ్య లైన్లన్నీ చూసుకునేది ఆమే. కొత్త రక్తపరీక్ష మెషీన్ బిగించడానికి వచ్చిన మన అబ్బాయి, వచ్చిన గంటలోనే "ఇక్కడి నెట్‌వర్క్‌లో లోపముంది" అని తన ఆఫీసుకు రాసి పడేశాడు. రాసేముందు ఆమెను ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటే.

"మెషీన్ పంపుతోందండీ. అవతలికి చేరడం లేదు," అన్నాడు.

"పంపుతోందని ఎవరు చెప్పారు?"

"మెషీనే."

"అది మీ మనిషి. మీ వైపే చెబుతుంది."

అతనికి నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాడు.

తేల్చుకోవడానికి నెట్‌క్యాట్ అని ఒక బుల్లి ప్రోగ్రాం ఉంది. కింద సర్వర్ గదిలో ఆమె దాన్ని తెరిచి కాచుకుని కూర్చోవాలి. మూడో అంతస్తులో ల్యాబ్ నుంచి అతను దానికి లైను కలిపి ఏదో ఒకటి టైపు చెయ్యాలి. అది ఆమె తెర మీద కనబడితే దారి బాగున్నట్టు, లేకపోతే ఎక్కడో అడ్డున్నట్టు.

అతను "హలో" అని కొట్టాడు. వెంటనే జవాబొచ్చింది.

"చేరింది. ఇప్పుడేమంటారు?"

"తప్పు నాదేనంటాను."

"ఆ ముక్క మీ ఆఫీసుకి కూడా రాయండి."

రాశాడు. అసలు సంగతేమిటంటే, సర్వర్‌లోకి నంబర్లేసిన తలుపులు చాలా ఉంటాయి; మెషీన్ ఒక నంబరు తలుపు తడుతోంది, ఆసుపత్రి ప్రోగ్రాం ఇంకో నంబరు తలుపు దగ్గర కూర్చుంది. ఇక్కడ అందుకుని అక్కడ ఇచ్చే ఏర్పాటు ఒకటి మధ్యలో పెట్టాలి. దాన్ని రిలే అంటారు. అది పెట్టింది ఆమె.

వారం రోజులు ఆ పనే. కింద నుంచి ఆమె, పై నుంచి అతను. "వచ్చిందా?" "వచ్చింది." "ఇప్పుడు?" "ఇప్పుడూ వచ్చింది. టీ తాగారా?" బయట వాన పడుతుంటే, కిటికీ లేని గదిలో కూర్చున్న ఆమెకు అతను వాన ఎంత పెద్దదో టైపు చేసి చెప్పేవాడు. "గొడుగులు తిరగబడుతున్నాయి" అని ఇతను, "మీరు పని చెయ్యడం లేదని అర్థమైంది" అని ఆమె. భోజనానికి వెళ్లినప్పుడు ఎదురుపడితే మాత్రం ఇద్దరికీ మాట పెగిలేది కాదు.

ఇవాళ శనివారం, ఇవాళ్టితో అతని పని అయిపోతుంది. సాయంత్రం ఆరింటి బండికి ఇంకో ఊరు, ఇంకో ఆసుపత్రి. ఇక్కడికి మళ్లీ రావడానికి కారణమంటూ ఉండదు. ఆమె అంటే ప్రాణం పెట్టేశాడని అతనికి తెలుసు, ఆమెకు తెలియదు. ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పటికీ తెలియదు. పైగా రెండో అంతస్తు వార్డులో హెడ్ నర్సు ఆమె కన్నతల్లి. డాక్టర్లే ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడతారు.

మిగిలిన టెస్టు ఒక్కటే, రిపోర్టు నేరుగా ఆ వార్డు ప్రింటరులో రావడం. "రెండింటికి ఆ లైనుని ప్రింటరుకి తిప్పుతాను, గుర్తుంచుకోండి," అని పొద్దున్నే ఆమె చెప్పింది. అతను తలూపాడు. మనసులో ఉత్తరం రాసుకుంటున్నవాడికి చెవులు పనిచేస్తాయా?

రెండుంపావుకి ల్యాబ్ ఖాళీ అయ్యింది. లైను కలిపాడు, కలిసింది. దేవుడా అనుకుని మొదలుపెట్టాడు.

"ఇది టెస్టు కాదు. లైను బాగుందని నాకు మొదటిరోజే తెలుసు. మీతో మాట్లాడాలనే వందసార్లు అడిగాను. మీరంటే నాకిష్టం. సాయంత్రం వెళ్లిపోతున్నాను. ఔనో కాదో, ఒక్క అక్షరం కొట్టండి."

జవాబు లేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. లైను కలిసే ఉంది, అవతల ఉలుకూ పలుకూ లేదు. మౌనం అర్ధాంగీకారమని ఎవరన్నారో గానీ, వాళ్లు ఖాళీ తెర ముందు కూర్చుని ఉండరు. పదిహేనో నిమిషంలో అతని ధైర్యం అయిపోయింది. లైను మూసేసి, కేబుల్ చుట్టి సంచిలో పెట్టడం మొదలుపెట్టాడు.

ఐదు నిమిషాల్లో హెడ్ నర్సు లోపలికొచ్చింది. చేతిలో ఒక కాగితం.

"పేషెంటు పేరు లేదు, బెడ్ నంబరు లేదు. ఎవరి ఫైల్లో పెట్టమంటావు బాబూ దీన్ని?"

మొదటి లైను చూడగానే అది తను కొట్టిందేనని అతనికి తెలిసిపోయింది.

"ఇది... ఎప్పుడొచ్చిందండీ?"

"పావుగంట నుంచీ లైటు వెలిగి ఆరుతోంది, కాగితం మాత్రం వదలదు. ఇప్పుడే వదిలింది."

అప్పుడర్థమైంది. లైను తెరిచి ఉన్నంతసేపూ ఇంకా రాబోతోందని ఆ ప్రింటరు కాచుకుని ఉంటుంది. అతను ఆశ వదులుకుని మూసేశాకే అది అచ్చు వేసింది.

"క్షమించండమ్మా. ఇది మీ అమ్మాయికి..."

"తెలుస్తూనే ఉంది. మా వార్డుకి ఏ రిపోర్టు వచ్చినా చదివి, సంతకం పెట్టి, చేరాల్సినవాళ్లకి చేర్చడం నా డ్యూటీ." కాగితం అడుగున నిజంగానే సంతకం ఉంది, టైముతో సహా. "దానికి ఫోన్లో చదివి వినిపించాను. చివరి ముక్క వినగానే పెట్టేసింది."

అతను మిగిలిన కేబుల్ కూడా సంచిలో కుక్కేశాడు.

"వారం రోజులుగా ఇంటికొచ్చి వాన గురించి చెబుతోంది," అందావిడ, గొంతు కాస్త మెత్తబడి. "కిటికీ లేని గదిలో దీనికి వానెలా తెలుస్తోందా అనుకున్నాను. రేపు భోజనానికి రా. వాళ్ల నాన్నతో మాట్లాడుదువుగాని. ఆయన నా అంత మెతక మనిషి కాదు."

ఆవిడ వెళుతుంటే ఆ అమ్మాయి ఎదురొచ్చింది. లిఫ్టు కోసం ఆగలేదేమో, రొప్పుతోంది. తల్లి పక్కకు తప్పుకుని దారిచ్చింది.

"అక్షరం కొట్టమన్నావట. లైను మూసేస్తే ఎక్కడ కొట్టను?"

"మీరు చదివి ఊరుకున్నారనుకున్నా."

"చదివుంటే ఊరుకునేదాన్నా? నాకూ ఇష్టమే. ఆ ముక్క చెప్పడానికే మెట్లెక్కి వచ్చాను." తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుంది. "సాయంత్రం వెళ్లకు."

అతను ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఆఫీసుకి సెలవు కావాలని రాస్తున్నా."

"ఎన్ని రోజులు?"

"మీ నాన్నగారు ఒప్పుకునేదాకా."

ఆమె పక్కనే ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయితే నెలకి రాయి."