రోజలీ

ఆ రోజు పొద్దున్న కూడా నాంత్ పట్నంలోని తన ఇంట్లో యూలాలీ పత్రిక కోసం కాచుక్కూర్చుంది. అందులో రోజూ వచ్చే సీరియల్ అంటే ఆమెకు ప్రాణం.

“ఈ మోర్వాన్ ఎవరోగానీ, ఆడదాని మనసు కాచి వడబోశాడే!” అంది, వచ్చిన పత్రిక విప్పి కళ్లజోడు సర్దుకుంటూ.

కోడలు నోయెమీ తలెత్తకుండా రొట్టెకు వెన్న రాస్తోంది. ఆమె అదే పత్రికలో టోపీల గురించి రాస్తుందనే అత్తగారు అనుకుంటోంది. కోర్టు కేసుల వార్తలు రాసేదీ, మోర్వాన్ పేరుతో నవల రాసేదీ ఆమేనని భర్త ఫెర్నాన్‌కి మాత్రమే తెలుసు.

చదువుతూ చదువుతూ యూలాలీ ఆగిపోయింది. కథలో ఒక తల్లి, చనిపోయిన పసికందును తన పెళ్లి మేలిముసుగులో చుట్టి సాగనంపింది.

“ఈ ముసుగు సంగతి నా కొడుక్కే తెలీదు. నిరుడు జ్వరంలో నీకొక్కదానికే చెప్పుకున్నాను. మోర్వాన్‌కెలా తెలిసింది?”

నోయెమీ వెన్న కత్తి కింద పెట్టింది. “మోర్వాన్ నేనే, అత్తయ్యా.”

“నా కడుపుకోత పట్టుకెళ్లి వీధిలో పెట్టావా? కథలు కరువయ్యాయా నీకు?”

“అది నీదని ఎవరికి తెలుస్తుందమ్మా?” అన్నాడు అప్పుడే గదిలోకి వచ్చిన ఫెర్నాన్.

“నాకు తెలుసు కదరా!”

“అడక్కుండా రాయడం తప్పే,” అంది నోయెమీ. “మీరు చెప్పినప్పటినుంచీ ఆ పాప నా కళ్లముందే ఉంది. రేపటి భాగం ఆపించేస్తాను.”

యూలాలీ బుట్ట తీసుకుని బజారుకు వెళ్లిపోయింది. అక్కడ చేపలమ్మే ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“చదివారా అమ్మగారూ? పాపం, చిట్టి రోజలీ! పొద్దుటినుంచీ ఏడుపాగట్లేదు.”

యూలాలీ బుట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నలభై ఏళ్ల కిందట తన పాప పోతే పలకరించిన మనిషి లేదు. ‘ఇంకొకరు పుడతార్లే’ అన్నారంతే.

ఖాళీ బుట్టతో ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది.

“ఆ పేరెందుకు పెట్టావే?”

“పేరు లేకుండా పంపడానికి మనసొప్పలేదత్తయ్యా.”

“జ్ఞానస్నానం కాకముందే పోయింది. మేం ఏ పేరూ పెట్టలేదు.” నోయెమీ పక్కన మోకరిల్లి చెయ్యి పట్టుకుంది. యూలాలీ విడిపించుకోలేదు.

“పాప జుట్టు నల్లగా ఉందని రాశావు. తప్పు. రాగిరంగు. రేపు సరిచెయ్యి.”

“ఆపెయ్యమంటారనుకున్నాను.”

“ఆపితే ఆ తల్లి ఏమైందో నాకెలా తెలుస్తుంది?” కళ్లు తుడుచుకుంది. “ఆ మోర్వాన్‌ని మాత్రం తీసి పారెయ్. నా బిడ్డకు పేరు పెట్టిందెవరో ఊరందరికీ తెలియాలి.”