ఎలుగుబంటి పంజాలో ఒకటే సూది

నీలం జట్టుకి ఒళ్ళు పట్టే మనిషి పొద్దున్నే టవళ్ళ బండిలో దొరికాడు. పైన టవళ్ళు మడతపెట్టి ఉన్నాయి. బండి తోసే ఆవిడ సగం దూరం వచ్చాక, ఇవాళ ఇంత బరువేమిటని ఆగి చూసింది. మెడ మీద సూది గుర్తు తప్ప ఇంకేమీ లేదు.

మధ్యాహ్నానికల్లా ఏజెంటు స్టేడియం కింద జనరేటర్ గదిలో ఉన్నాడు. డిపార్ట్‌మెంటులో అతన్ని నత్త అంటారు. నిదానంగా పనిచేస్తాడని కొందరు, ఇల్లు వీపున మోసుకు తిరుగుతాడని కొందరు. ఎదురుగా డిపార్ట్‌మెంటు పెద్దాయన పెట్టె మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

"పోయినవాడు మనవాడే. పోయేముందు ఒక ముక్క పంపాడు. రేపు చీర్‌లీడింగ్ ఫైనల్. మన నీలం జట్టు చివర్లో ఒక అమ్మాయిని గాల్లోకి విసురుతుంది. అప్పుడు పైన రంగుకాగితాల గొట్టాలు పేలతాయి. ఆ చప్పుడులో తుపాకి చప్పుడు కలిసిపోతుంది. టార్గెట్ అంకెలాయన."

అంకెలాయనంటే మన దేశపు రహస్య సంకేతాలన్నీ తయారుచేసే మనిషి. ఆయన తలలో ఉన్నది ఇంకెక్కడా లేదు. రేపు గాల్లోకి లేచేది ఆయన కూతురే. జట్టులో దాన్ని పిచ్చుక అంటారు.

"ఆయన్ని రావద్దనండి," అన్నాడు నత్త.

"అన్నానయ్యా. మొదటి వరసలో తండ్రి కనపడకపోతే ఆ పిల్ల కిందికి వెతుక్కుంటుందట. గాల్లో ఉండగా కిందికి చూస్తే పడుతుందట. 'నా ప్రాణం పోతే పోనీండి, దాని మెడ విరగనివ్వను' అన్నాడు. ఏమనను? పైగా ఆయన రాకపోతే కాల్చేవాడెవడో మనకి ఎప్పటికీ తెలీదు."

"గొట్టాలు పేల్చేదెవరు?"

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"చిలక."

చిలక శత్రుదేశపు ఎర్ర జట్టుకి కోచ్. ఆ దేశం మనిషిగా నటిస్తూ మనకి పనిచేస్తోంది. లేకపోతే మన మనిషిగా నటిస్తూ వాళ్ళకి పనిచేస్తోంది. డిపార్ట్‌మెంటులో సగంమంది ఒకటి నమ్ముతారు, సగంమంది రెండోది. ఆమె నత్త భార్యకి సొంత చెల్లెలు.

"గొట్టాల సంగతి తనూ చెప్పింది," అన్నాడు పెద్దాయన. "రిమోట్ తన దగ్గరే ఉందని మాత్రం చెప్పలేదు. అది పోయినవాడు చెప్పాడు. ఇప్పుడే పట్టుకుంటే కాల్చేవాడు జారిపోతాడు. రేపు చూడు. నొక్కబోయిందో, వాళ్ళ మనిషే. నొక్కనివ్వకు."

పెద్దాయన కాలితో ఒక మూట జరిపాడు. మూటలోంచి ఎలుగుబంటి తల దొర్లింది.

"ఇదేమిటండీ?"

"జట్టులో ఖాళీగా ఉన్న పోస్టు ఇదొక్కటే. బొమ్మ వేషం. ముక్కులో కెమెరా, చెవిలో రేడియో, కుడి పంజాలో సూది. చిటికెనవేలు మడిస్తే దూసుకెళ్తుంది. గుచ్చుకుంటే లేవరు."

"ఎన్ని సూదులు?"

"ఒకటి. రెండోది పెడితే పంజా మూసుకోవట్లేదన్నారు మనవాళ్ళు."

"మనుషులు ఇద్దరున్నారు కదండీ."

"అందుకే చూసి వాడమంటున్నాను."

నత్త తల చంకన పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మా ఆవిడకి ఏం చెప్పమంటారు?"

పెద్దాయన మళ్ళీ కళ్ళజోడు తీశాడు.

మర్నాడు ప్రాక్టీసు హాల్లో కాలు పెట్టే చోటు లేదు. పది దేశాల జట్లు ఒకేసారి పది భాషల్లో అరుస్తున్నాయి. ఎలుగుబంటి ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతోంది. లోపల చెమట వీపు మీదుగా కారుతోంది. ముక్కు దురద పెడితే గోక్కోవడానికి లేదు.

చిలక కాఫీ కప్పు పట్టుకుని వచ్చింది. ఎర్ర కోటు, ఎర్ర గోళ్ళరంగు. ఆమె నడుస్తుంటే రెండు జట్లు అడుగుల కౌంటు మరిచిపోయాయి.

"ఇవాళ హాల్లో గాలి తక్కువగా ఉంది," అంది.

"ఎగిరేవాళ్ళకి గాలెందుకు?" అన్నాడు. ఇద్దరి మధ్యా అదే కోడ్.

"ఏం బావా, వేషం బాగా కుదిరింది. అక్క చూస్తే ఇంట్లో కూడా ఇదే ఉంచుకోమంటుంది."

"నువ్వు ఫోన్ చెయ్యట్లేదని తిడుతోంది."

"తిడుతోందంటే బాగానే ఉందన్నమాట."

"రిమోట్ ఎవరి దగ్గరుంది?"

"తెలీదు బావా. తెలిస్తే చెప్పనా?"

గొంతులో తేడా లేదు. నిజానికీ అబద్ధానికీ ఆమెకి ఒకటే గొంతు. పెళ్ళినాడు అతని వాచీ దాచిందీ తనే, అయ్యో పాపం అంటూ ఊరంతా వెతికించిందీ తనే.

"చూడు, నిన్ను నేను..." అనబోయాడు నత్త.

పక్క మ్యాట్ మీద ఎవరో దేశపు అమ్మాయి గాల్లోకి లేచింది. మాట మధ్యలోనే చిలక రెండు చేతులూ పైకి లేచాయి. కప్పు ఎగిరింది. కాఫీ అంతా ఎలుగుబంటి పొట్ట మీద పడింది. అటు అమ్మాయి తన జట్టు చేతుల్లోకి క్షేమంగా దిగింది. అప్పుడు గానీ ఇటు చేతులు దిగలేదు.

"అయ్యో, కాలిందా?"

"బొచ్చు కాలింది. ఏమిటిది?"

"అలవాటు బావా. బళ్ళో అక్కా నేనూ కింద నిలబడి పట్టుకునేవాళ్ళం. కింద నిలబడ్డవాళ్ళకి ఎవరు ఎగిరినా చేతులు లేస్తాయి. మన జట్టా పరాయి జట్టా అని చూడవు. ఇందులో పెరిగినవాళ్ళు ఎవరైనా అంతే."

నత్తకి ఇల్లు గుర్తొచ్చింది. పిల్లాడు బీరువా ఎక్కి దూకబోతే, వంటింట్లో ఉన్న భార్య చేతిలో గిన్నె వదిలేసి అక్కణ్ణుంచే చేతులు చాచింది. మధ్యలో గోడ ఉంది.

ఫైనల్ మొదలైంది. అంకెలాయన మొదటి వరసలో కూర్చున్నాడు. పక్కనే ఇద్దరు డిపార్ట్‌మెంటు మనుషులు. మ్యాట్ నాలుగు మూలలా నల్లచొక్కాలతో కాపు కాసే మనుషులు. ఎవరైనా జారితే పట్టడానికి నిర్వాహకులు పెట్టేవాళ్ళు. అటువైపు తన జట్టు ముందు చిలక. చెయ్యి కోటు జేబులో ఉంది.

నత్త గంతులు వేస్తూ కళ్ళు తిప్పుతున్నాడు. ఫొటోగ్రాఫర్లు, జడ్జీలు, నీళ్ళ సీసాలు అందించేవాళ్ళు. ఒక్కడి మీద చూపు నిలిపితే ఇంకొకడు అనుమానంగా కనపడుతున్నాడు.

"నత్తా, జేబులోంచి తీసింది," అన్నాడు పెద్దాయన చెవిలో. "చేతిలో నల్లగా ఉంది. రిమోటే."

నత్త పంజా ఆమె వైపు తిప్పాడు. ఎలుగుబంటి తనకేసి చెయ్యి ఊపుతోందనుకుని ఒక పాప తిరిగి ఊపింది.

నీలం జట్టు గుంపుగా చేరింది. పిచ్చుక ఇద్దరి భుజాల మీద చేతులు ఆనించి, తండ్రి కూర్చున్న చోటు ఒకసారి చూసుకుంది.

"నొక్కబోతోంది. కానియ్యి."

చిటికెనవేలు సగం మడిచాడు. మిగతా సగం మడవలేకపోయాడు.

పిచ్చుక లేచింది. హాలంతా తలలెత్తింది.

చిలక చేతులు కూడా లేచాయి. రెండూ, వేళ్ళు విప్పుకుని. రిమోట్ జారి నేల మీద పడి, జడ్జీల బల్ల కిందికి దొర్లింది.

గొట్టాలు పేలలేదు.

నత్త మ్యాట్ వైపు తిరిగాడు. నాలుగు మూలల్లో మూడు మూలల మనుషులు చేతులు చాచి పిచ్చుకనే చూస్తున్నారు. నాలుగోవాడి చెయ్యి చొక్కా లోపల ఉంది. వాడు చూసేది పిచ్చుకని కాదు, గొట్టాలని. రావలసిన చప్పుడు ఎందుకు రాలేదా అని.

వేలు పూర్తిగా మడిచాడు.

నాలుగోవాడు అలిసిపోయినవాడిలా కూలబడ్డాడు. తుపాకి సగం బయటికొచ్చింది. ఎలుగుబంటి పరుగెత్తుకెళ్ళి దాని మీద కూర్చుంది. జనం విరగబడి నవ్వారు. పిచ్చుక చేతుల్లోకి దిగింది. అంకెలాయన లేచి నిలబడి, పక్కనున్న డిపార్ట్‌మెంటు మనిషిని పట్టుకుని ఏడ్చాడు.

ఎలుగుబంటి మ్యాట్ తొక్కినందుకు జడ్జీలు మార్కులు కోశారు. నీలం జట్టుకి రెండో స్థానం వచ్చింది. పిచ్చుక నేరుగా వచ్చి ఎలుగుబంటి పిక్క మీద తన్నింది.

"వెధవ ఎలుగుబంటి! కూర్చోడానికి నీకు ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

నత్త తప్పయిపోయిందన్నట్టు తల ఊపాడు. ఏజెంటు నోరు విప్పకూడదు.

వెనక మెట్ల దగ్గర చిలక చెప్పులు విప్పి కూర్చుంది. నత్త ఎలుగు తల తీసి పక్కన పెట్టాడు.

"రిమోట్ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ పెద్దాయన నన్ను గదిలో పెట్టి తాళం వేస్తాడు. వాళ్ళు ఇంకొకరికి ఇస్తారు. ఆ ఇంకొకరికి చేతులు లేవకపోతే?"

"అయితే నొక్కకూడదనే అనుకున్నావా?"

"అవునంటే నమ్ముతావా?"

"నమ్మను."

"మరి అడగడమెందుకు బావా? అవి నన్నడిగి లేవలేదు." అరచేతులు ఒకసారి చూసుకుంది. "నీ పంజా నా వైపే ఉంది. నేను చూశాను. నువ్వు నొక్కేవాడివా?"

నత్త పొట్ట మీది కాఫీ మరక గోకాడు.

"సరేలే," అంది చిలక, చెప్పులు వేసుకుంటూ. "అక్కకి నువ్వూ చెప్పకు, నేనూ చెప్పను."

పక్కనున్న ఎలుగు చెవిలోంచి పెద్దాయన గొంతు గరగరలాడింది. "నత్తా! ఇంతకీ ఆవిడ మన మనిషా, వాళ్ళ మనిషా? రిపోర్టులో ఏం రాయమంటావు?"

నత్త ఎలుగు తల ఒళ్ళో పెట్టుకుని దాని చెవిలో చెప్పాడు.

"చేతులు మనవేనని రాయండి. మిగతా మనిషి మీద విచారణ జరుగుతోందని రాయండి."