రోడ్డంచు మట్టి

"ఇదీ మీ బ్రిటా గారి లెక్క!"

ముసలి ఎర్విన్ క్రూగర్ వేళ్ళతో సహా పీకిన లూసర్న్ గడ్డిని సహకార సంఘం కౌంటరు మీద విసిరికొట్టాడు. వేళ్ళు కురచగా, గోధుమరంగులో ఉన్నాయి. వెనకాల అతని కొడుకు నోలన్ తల వంచుకుని నిలబడ్డాడు.

"నేల పులుపు విరగడానికి ఎకరానికి టన్ను సున్నం చాలంది. చల్లాం. గడ్డి చచ్చింది. చలికాలం నా ఆవులకి ఏం పెట్టను, మీ రసీదులా?"

మేనేజరు గ్లెన్ ఆయన్ని బతిమాలి పంపి, కౌంటరు వెనకే ఉన్న బ్రిటా వైపు తిరిగాడు. "సోమవారం నుంచి సున్నం లెక్కలు వేరేవాళ్ళు చూస్తారు. నువ్వు విత్తనాల గోదాము చూసుకో."

బ్రిటాకు ఒళ్ళు మండిపోయింది. ఆ లెక్కలే ఆమె ప్రాణం. మట్టి పరీక్షను బట్టి లెక్క కట్టింది, మరి తప్పెక్కడ? విసురుగా పికప్ బండి ఎక్కి క్రూగర్ల పొలానికి పోయింది.

సన్నగా వాన మొదలైంది. పొలం చూసి బ్రిటా నోరు తెరిచింది. రోడ్డు పక్కన గడ్డి మోకాలెత్తు పచ్చగా ఉంది. లోపలంతా పసుపుపచ్చగా వాడిపోయింది. రెండుచోట్లా మట్టి తవ్వి, జేబులోని పరీక్ష మందు చుక్కలు వేసింది. రెండూ రెండు రంగులు తేలాయి.

నోలన్ పరుగెత్తుకొచ్చాడు. "తడిసిపోతున్నావు, గొడుగు..."

"గొడుగు నీ నెత్తిన పెట్టుకో! పరీక్షకి మట్టి ఎక్కడ తీశావు?"

"పొలంలోనే."

"పొలంలో ఎక్కడ?"

"రోడ్డు పక్కన."

"మొత్తమా?"

"మొత్తం."

"మెడ మీద తలకాయ ఉందా నీకు? ఆ రోడ్డేసిందే సున్నపురాయి కంకరతో! బండి పోయినప్పుడల్లా ఆ దుమ్ము పడి అంచున పులుపు విరిగింది. లోపల ఎకరానికి ఐదు టన్నులు కావాలి. నీ మట్టిని నమ్మి నేను ఒకటి రాశాను! వంకర టింకరగా పొలమంతా తిరిగి తియ్యమన్నానా, లేదా?"

"అన్నావు."

"మరేం రోగం?"

నోలన్ వానలోకి చూశాడు. "పొద్దున్నే నువ్వు ఆ దారినే పోతావుగా. లోపలికెళ్తే కనబడవు. చెయ్యి కూడా ఊపేదానివి."

"దారిలో కనబడిన ప్రతివాళ్ళకీ ఊపుతాను! ఇక్కడ ఎవరు ఊపరు?"

"నాకు మాత్రం నువ్వు ఊపిందే లెక్క. నువ్వంటే నాకిష్టం, బ్రిటా."

"ఇష్టమట! నా పని ఊడగొట్టి ఇష్టమా? నోరుండీ అడగలేని మొద్దువి!" అని బండెక్కి తలుపు దడాల్న వేసి వెళ్ళిపోయింది. దారంతా అతన్ని తిడుతూనే ఉంది.

సోమవారం గోదాము తాళాలు అందుకోబోతుంటే నోలన్ తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. కౌంటరు దగ్గర ఊరి రైతులంతా ఉన్నారు.

"బ్రిటా లెక్కలో తప్పు లేదు. మట్టి తప్పుగా తీసింది నేను. ఈమె బండి కనిపిస్తుందని రోడ్డు వదల్లేదు," అన్నాడు అందరికీ వినబడేలా.

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఎర్విన్ టోపీ తీసి కొడుకు వీపు మీద చరిచాడు. "ఒరేయ్ దద్దమ్మా! దీనికా నా ఆవుల మేత తగలేశావు?" తర్వాత బ్రిటా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నిన్ను అనరాని మాటలన్నానమ్మా. కొత్త లెక్క నువ్వే కట్టు. వీణ్ణేం చేసుకుంటావో నీ ఇష్టం."

గ్లెన్ ఇవ్వబోయిన గోదాము తాళాలు వెనక్కి తీసుకున్నాడు.

బయట నోలన్ ఆమె బండి దగ్గర నిలబడ్డాడు. "కోపం తగ్గిందా?"

"లేదు."

"ఎప్పటికి తగ్గుతుంది?"

"సున్నం నేలలో పనిచెయ్యడానికి ఏడాది పడుతుంది. నాకూ అంతే."

"సరే, ఏడాది ఆగుతాను."

"ఎవరాగమన్నారు? శుక్రవారం ఊళ్ళో జరిగే చేపల విందుకి తీసుకెళ్ళు. ఏడాదిపాటు తిట్టాలంటే మనిషి ఎదురుగా ఉండొద్దూ!"